తెంపుకుంటూ పెరిగే కణం

ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, డుంబ్రిగుడ



సుబ్బారావు గారి పేరుతో జరిగే సభలో ఆయన జీవితకథ చెప్పడం ఆనవాయితీ. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటికొచ్చారు. 1922లో బోస్టన్ చేరారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. ఇవి మీలో చాలామంది విన్నవే. నేను ఈ పూట ఆయన పనిలోంచి ఒక ప్రశ్న తీసుకుని, ఆయన తరవాత అది ఎంతదాకా వచ్చిందో చెప్తాను. ఒక కణం ఎప్పుడు పెరగాలి, ఎంత పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఎలా తేలుతుంది? పెరుగుతున్నంతసేపూ తన పైపొర చిరగకుండా ఎలా చూసుకుంటుంది? ఈ ప్రశ్నకు దొరికిన జవాబులో ఒక ముఖ్యమైన భాగం మన హైదరాబాదులోనే దొరికింది. ఆ సంగతి మన బడుల్లో తెలియాల్సినంతగా తెలియలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు సుబ్బారావు గారి మూడు పనులు గుర్తు చేస్తాను. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి మొదటిది. నమూనాలో ఫాస్ఫరస్ ఎంత ఉంటే అంత నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి లెక్క తేలుతుంది. కణం చుట్టూ ఉండే పొర ప్రధానంగా ఫాస్ఫరస్ ఉన్న కొవ్వుతోనే, అంటే ఫాస్ఫోలిపిడ్లతోనే తయారవుతుంది. కాబట్టి పొర ఎంత ఉందో తెలియాలంటే ఫాస్ఫరస్ కొలవాలి. 1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఆ పనికే ఈ పద్ధతిని మలిచాడు. పొరల మీద పనిచేసేవాళ్ళు దశాబ్దాల పాటు దాన్నే వాడారు. రెండో పని ఫోలిక్ ఆమ్లం. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం దాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపించి దాని పనికి అడ్డుపడే అమినాప్టెరిన్‌ను కూడా అదే బృందం తయారు చేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947–48లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. అదుపు తప్పిన కణాల పెరుగుదలకు మందుతో కళ్ళెం వేయొచ్చని అప్పుడు తేలింది. ఆ తరవాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ఉంది.

మూడోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. ఆ పని జరిగిన లెడర్లీలో పరిశోధన విభాగానికి అధిపతి సుబ్బారావు గారు. 1948లో లోకానికి తెలిసిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దది. పెన్సిలిన్ అంతగా పనిచేయని ఎన్నో రకాల బ్యాక్టీరియా మీద ఇది పనిచేసింది. పెన్సిలిన్ ఎందుకు చేయలేదు, ఇది ఎందుకు చేసింది అని అడిగితే జవాబు బ్యాక్టీరియా పైపొర దగ్గర ఉంది. ఇక అక్కడికే వెళ్దాం.

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డేనిష్ వైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ ఒక రంగు పద్ధతి కనిపెట్టాడు. ఊదారంగు వేసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగితే కొన్ని బ్యాక్టీరియా ఊదాగానే ఉంటాయి, కొన్ని రంగు వదిలేస్తాయి. రంగు వదిలేసినవాటిని గ్రామ్ నెగెటివ్ అంటాం. వీటికి మామూలు కణత్వచం మీద సన్నని కణకవచం, ఆ కవచం మీద ఇంకో పొర ఉంటాయి. ఆ రెండోదే బాహ్యపొర.

ఇదంతా మనకెందుకు అంటారా? వానలు పడ్డాక గెడ్డ నీళ్ళు, ఊట నీళ్ళు తాగి వాంతులు, విరేచనాలు అయ్యే రోజుల్లో ఇక్కడి ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ జబ్బుల వెనుక ఉండే బ్యాక్టీరియాలో కలరా విబ్రియో, టైఫాయిడ్ సాల్మొనెల్లా, రక్తవిరేచనాల షిగెల్లా, అన్నీ గ్రామ్ నెగెటివ్‌లే. మరోవైపు మీ పొలాల్లో రాజ్మా మొక్కను వేరుతో సహా పీకి చూడండి. వేళ్ళ మీద చిన్న బుడిపెలు కనిపిస్తాయి. కోస్తే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చే రైజోబియం అక్కడ కాపురం ఉంటుంది. అదీ గ్రామ్ నెగెటివే. దాని బాహ్యపొర మీద ఉండే చక్కెర గొలుసులు సరిగ్గా లేకపోతే మొక్క దాన్ని లోపల నిలవనివ్వదని రాజ్మా మీద జరిగిన పరిశోధనల్లోనే తేలింది. మనిషికి జబ్బు చేసేదానికీ, మొక్కకు అన్నం పెట్టేదానికీ పైపొర నిర్మాణం ఒకటే.

ఇప్పుడు కణకవచం సంగతి. ఈ.కోలై అనే బ్యాక్టీరియాను తీసుకుందాం. పొడవు ఒక మిల్లీమీటరులో 500వ వంతు. మంచి ఆహారం, 37 డిగ్రీల వెచ్చదనం దొరికితే 20 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. ఆ వేగం ఎనిమిది గంటలు కొనసాగితే ఒక్క కణం నుంచి 1 కోటీ 67 లక్షల కణాలు వస్తాయి. దాని లోపల ఉప్పులూ చక్కెరలూ చిక్కగా ఉంటాయి కాబట్టి బయటి నీళ్ళు ఎప్పుడూ లోపలికి తోసుకొస్తుంటాయి. ఆ ఒత్తిడికి కణం పగలకుండా పట్టి ఉంచేది పెప్టిడోగ్లైకాన్ అనే వల. చక్కెర గొలుసులు అడ్డంగా, వాటిని కలుపుతూ చిన్న పెప్టైడ్ ముడులు. కణం చుట్టూ ఉన్న ఈ వల అంతా కలిపి ఒకే ఒక్క పెద్ద అణువని 1964లో వైడెల్, పెల్జర్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు.

ఒకే అణువు చుట్టూ బిగించి ఉంటే లోపలి కణం ఎలా పెరుగుతుంది? ధాన్యంతో బిగుతుగా నిండిన గోనెసంచిని, గింజ రాలకుండా, నిండుగా ఉండగానే కుట్లు విప్పి కొత్త పట్టా కలిపి పెద్దది చేయమంటే ఎలా ఉంటుందో ఊహించండి. బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి చేసే పని అదే. కొత్త గొలుసు ఇమడాలంటే ముందు పాత ముడి తెగాలి. ముడి తెంపే ఎంజైములు కణంలో ఉన్నాయని ఎప్పటినుంచో తెలుసు. కానీ వాటిని ప్రధానంగా రెండు పిల్లకణాలు విడిపోయేటప్పుడు పనికొచ్చేవిగా చూశారు. పెరుగుదలకు కూడా తెంపడం తప్పనిసరి అని సిద్ధాంతంగా అన్నవాళ్ళున్నారు గానీ, ఆ పని ఏ ఎంజైముదో ఎవరూ చూపలేకపోయారు.

చూపింది హైదరాబాదులోని సీసీఎంబీ. 1977లో పుష్పమిత్ర భార్గవ గారి నాయకత్వంలో మొదలైన సంస్థ అది. అక్కడ మంజులా రెడ్డి గారి బృందం 2012లో ఒక పరిశోధన ప్రచురించింది. ఈ.కోలైలో ముడులు తెంపే మూడు ఎంజైములను వాళ్ళు గుర్తించారు. ఇప్పుడు వాటిని మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ అంటున్నారు. వీటిలో ఏదో ఒకటి ఉంటే కణం ఎలాగో బతుకుతుంది. మూడూ లేకపోతే కొత్త పెప్టిడోగ్లైకాన్ వలలోకి చేరదు, కణం పగిలిపోతుంది. ఇన్నాళ్ళూ ఈ ఎంజైములు ఎందుకు బయటపడలేదో కూడా దీనితోనే అర్థమైంది. ఒకదాన్ని తీసేస్తే మిగతావి దాని పని చేసేస్తున్నాయి. ఒక్కో జన్యువునే తీసి చూసేవాళ్ళకు పెద్ద తేడా కనిపించదు. ఓపికగా రెండేసి, మూడేసి తీసి చూసినవాళ్ళకే కనిపిస్తుంది. ఇందుకు కావాల్సింది ప్రధానంగా పెట్రి పళ్ళాలు, అగర్, జన్యుశాస్త్రంలో గట్టి పట్టు. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి: ప్రపంచం అంతా వెతుకుతున్న ఒక జవాబు ఆలోచన బలంతో దొరికింది.

అయితే తెంపే కత్తెర చేతిలో ఉంటే సరిపోదు, ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. ఎక్కువ తెంపితే కణం పగులుతుంది, తక్కువ తెంపితే పెరగదు. 2015లో అదే బృందం ఈ అదుపును చూపించింది. మెప్‌ఎస్‌ను కణం తయారు చేస్తూనే, వెంటవెంటనే నాశనం కూడా చేస్తుంది. ప్రెక్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది. ఎన్ఎల్‌పీఐ అనే ప్రోటీన్ అందుకు తోడ్పడుతుంది. ఆ ఎన్ఎల్‌పీఐ ఉండేది బాహ్యపొరలో! కవచం ఎంత పెరగాలో తేల్చే వ్యవస్థలో బాహ్యపొరకు చెందిన ప్రోటీన్ భాగస్వామి అన్నమాట. ఈ పనుల వరసను గుర్తించి 2019లో మంజులా రెడ్డి గారికి జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి ఇచ్చారు. 2023లో వచ్చిన ఇంకో పరిశోధనలో వాళ్ళు పొరకు కావాల్సిన కొవ్వుల తయారీకీ, కవచం విస్తరించడానికీ మధ్య సంబంధం ఉందని చూపారు.

ఇక బాహ్యపొర. ఇది మామూలు పొరలాంటిది కాదు. లోపలి వైపు ఫాస్ఫోలిపిడ్లు, బయటి వైపు లైపోపాలీసాకరైడ్ అనే పెద్ద అణువులు. కొవ్వు తోకలు, వాటి మీద చక్కెర గొలుసులు. ఒక్కో కణం మీద ఇవి సుమారు 10 లక్షలుంటాయి. 20 నిమిషాల్లో కణం రెండింతలు కావాలంటే సెకనుకు 800 చొప్పున కొత్తవి తయారై, లోపలి పొర నుంచి బయటి పొరకు చేరాలి. ఆ రవాణాకు ఏడు ప్రోటీన్లతో ఒక వంతెన ఉంది.

ఇక్కడా మోతాదే ప్రాణం. లైపోపాలీసాకరైడ్ తక్కువైతే పొర పలచబడి కణం చస్తుంది. ఎక్కువైతే? అప్పుడూ చస్తుంది. దీని తయారీకీ, ఫాస్ఫోలిపిడ్ల తయారీకీ ముడిసరుకు ఒకటే. ఒకవైపు ఎక్కువ వాడేస్తే రెండోదానికి తక్కువవుతుంది. ఎల్‌పీఎక్స్‌సీ అనే ఎంజైము ఆ ముడిసరుకును లైపోపాలీసాకరైడ్ వైపు మళ్ళిస్తుంది. కాబట్టి ఆ ఎంజైము ఎంత ఉండాలో కణం లెక్కగా చూసుకోవాలి. ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే మరో ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుందని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ ముక్కలు చేసే పనికి ఇంకొక ప్రోటీన్ కావాలని, ఆ ప్రోటీన్ లేకపోతే లైపోపాలీసాకరైడ్ విపరీతంగా పేరుకుపోయి కణం చనిపోతుందని 2014లో సీసీఎంబీ బృందం చూపింది. వై-సి-ఐ-ఎం అనేది ఆ ప్రోటీన్ జన్యువు పేరు. అదే ఏడాది మరో దేశంలోని బృందమూ అక్కడికే చేరింది. తయారైన సరుకు, అంటే లైపోపాలీసాకరైడ్, బయటి పొరకు వెళ్ళకుండా లోపలి పొర మీద పేరుకుందా లేదా అని చూసి చెప్పే ప్రోటీన్ 2020లో దొరికింది. సరుకు పేరుకుంటే ఎల్‌పీఎక్స్‌సీ నాశనమవుతుంది, తయారీ తగ్గుతుంది; సరుకు వెళ్ళిపోతుంటే అది నిలుస్తుంది, తయారీ సాగుతుంది. కవచం దగ్గర చూసిందే ఇక్కడా చూస్తున్నాం. కణం తన పనివాళ్ళను తయారు చేయడంతో పాటు, వాళ్ళను తొలగించడం ద్వారానే పెరుగుదలను అదుపులో పెడుతుంది. పెరుగుదల అంటే కలుపుకోవడం ఒక్కటే అనుకుంటాం. కణాన్ని దగ్గర్నుంచి చూస్తే అందులో సగం తెంపడం, తుడిచేయడం.

ఆహారం లేనప్పుడు ఏమవుతుందో కూడా ఒక మాట. పోషణ బాగుంటే బ్యాక్టీరియా వేగంగా పెరగడమే కాదు, సైజులోనూ పెద్దదవుతుందని 1958లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు లెక్కకట్టారు. అమైనో ఆమ్లాలు అయిపోతే కణంలో ఒక చిన్న అణువు పోగుపడి ప్రోటీన్ల కర్మాగారాలు కట్టడాన్ని ఆపేస్తుంది. 1969లో కాషెల్, గాలంట్ దాన్ని కనుగొన్నారు. ఆకలి వేసిన కణం ముందు ఖర్చు ఆపుతుంది.

ఈ కొండల మీద ఉండేవాళ్ళకు చలి గురించి చెప్పనక్కర్లేదు. వలిసె పూలు విరబూసి కొండవాలు పసుపెక్కే రోజుల్లోనే రాత్రిళ్ళు కొరికే చలి మొదలవుతుంది. ఆ చలిలో కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది. పక్కనే ఉన్న వలిసె నూనె కట్టదు. కొబ్బరి నూనెలో ఎక్కువగా సంతృప్త కొవ్వులు. తోకలు నిటారుగా ఉండి ఒకదానికొకటి ఒత్తుకుని గట్టిపడతాయి. వలిసె నూనెలో ఎక్కువగా లినోలిక్ ఆమ్లం; దాని తోకల్లో వంపులున్నాయి, దగ్గరగా సర్దుకోలేవు. కణం పొరలోనూ ఇదే రసాయనం. పొర గడ్డకడితే అందులోని ప్రోటీన్లు కదలలేవు, పెరుగుదల ఆగుతుంది. అందుకని చలి తగలగానే ఈ.కోలై తన పొరలో వంపు తోకల కొవ్వులను పెంచుకుంటుంది. బాహ్యపొరలోనూ ఒక తోకను మార్చి వంపున్నదాన్ని పెట్టడానికి, చలిలో మాత్రమే తయారయ్యే ప్రత్యేకమైన ఎంజైము దానికి ఉంది. అందువల్ల చలికాలం గెడ్డ నీళ్ళు శుభ్రంగా ఉంటాయనుకోవద్దు. చలి వేగాన్ని తగ్గిస్తుంది, బ్యాక్టీరియాను చంపదు. చంపేది మరగబెట్టడం. 900 మీటర్లు దాటిన ఈ ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీలకు కాకుండా 97 దగ్గరే మరుగుతాయి, అయినా ఆ వేడి చాలు. తెర్లి తెర్లి పొంగేదాకా కాగనిస్తే ఈ జబ్బులు చేసే బ్యాక్టీరియా బతకవు.

బాహ్యపొర మందులను ఆపే తెర మాత్రమే అని చాలాకాలం అనుకున్నాం. కణాన్ని ఒత్తిడికి నిలబెట్టేది కవచం ఒక్కటే అని పాఠ్యపుస్తకాలు రాశాయి, మేమూ అలాగే చెప్పాం. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బాహ్యపొర కూడా ఆ బరువు మోస్తుందని, దాని గట్టిదనం కవచంతో పోల్చదగినదని చూపించారు. రెండూ జతగా పెరగాల్సిన అవసరం అప్పుడు ఇంకా స్పష్టమైంది.

మందుల దగ్గరికి వస్తాను. పెన్సిలిన్ ముడులు వేసే ఎంజైమును ఆపుతుంది. తెంపే ఎంజైములు మాత్రం తమ పని చేసుకుంటూ పోతాయి. వేయడం ఆగి, తెంపడం సాగితే కణం పగులుతుంది. కానీ గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాలో పెన్సిలిన్ ఆ చోటికి చేరాలంటే ముందు బాహ్యపొర దాటాలి. అందులో పోరిన్లు అనే సన్నని రంధ్రాలే దారి. తొలి పెన్సిలిన్‌కు ఆ దారి అంతగా సరిపడలేదు. 1961లో వచ్చిన యాంపిసిలిన్ ఆ రంధ్రాల్లోంచి మెరుగ్గా వెళ్ళగలిగింది. సుబ్బారావు గారి ఆరియోమైసిన్ కుటుంబమూ పోరిన్ల గుండానే లోపలికి చేరుతుంది. మందును తరచూ ఎదుర్కొన్న బ్యాక్టీరియాలో పోరిన్లు తగ్గించుకున్నవి మిగులుతాయి, లోపలికొచ్చిన మందును బయటికి తోసేవి మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి.

చివరి ఆయుధంగా వైద్యులు దాచుకున్న కొలిస్టిన్ నేరుగా లైపోపాలీసాకరైడ్‌కు అంటుకుని పొరను చీలుస్తుంది. బ్యాక్టీరియా ఆ అణువు కొసను కొద్దిగా మార్చుకుంటే కొలిస్టిన్ పట్టు జారిపోతుంది. ఆ మార్పు చేసే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా దూకగలదని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. అక్కడ పశువుల దాణాలో కొలిస్టిన్ విరివిగా వాడేవారు. మన దేశంలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్ళకు, చేపల, రొయ్యల చెరువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం సరైనది, ఆలస్యమైనా సరైనది. సుబ్బారావు గారు పుట్టిన భీమవరం ఇవాళ రొయ్యల చెరువుల ఊరు కావడం వల్ల ఈ మాట ఆయన సభలో చెప్పకుండా ఉండలేను.

ఆయన సోదరుణ్ణి పొట్టనపెట్టుకున్నది స్ప్రూ, అంటే తగ్గని విరేచనాల జబ్బు. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బులో పనికొచ్చే మందుల్లో ఒకటని తరవాత తేలింది. విరేచనాలతో మనిషి పోకూడదు. అందుకే ఏఎన్ఎంలనూ, ఆశా కార్యకర్తలనూ, ఇక్కడున్న తల్లులనూ అడుగుతున్నాను. పిల్లల నీళ్ళవిరేచనాల్లో చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఓఆర్ఎస్ పట్టండి, జింకు మాత్రలు 14 రోజులు వేయండి, తల్లిపాలు ఆపకండి. రక్తం పడినా, బిడ్డ సోలిపోయినా ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను చెప్పినన్ని రోజులు వాడండి. రాయనిదాన్ని సంతలోనో, తెలిసినవాళ్ళ దగ్గరో కొని వేయకండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. గ్రామ్ రంగు వేయడానికి నాలుగు సీసాలు, ఒక స్పిరిట్ దీపం, నూనె లెన్సున్న మైక్రోస్కోపు చాలు. వచ్చే పంటకు రాజ్మా వేరు బుడిపెను నలిపి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మీ పిల్లలకు రైజోబియం కణాలను చూపించండి. ఒక్క మైక్రోస్కోపు ఉన్న బడి దాన్ని పక్క ఊరి బడికి కూడా ఇవ్వాలి. అందుకు కావాల్సిన ఏర్పాటు ఈ సభ నిర్వాహకులు ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను.